ఒడ్డుకు కొట్టుకొచ్చింది భారీ చేప కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో ఒక ఫోటో వేశారు. "తీరానికి కొట్టుకొచ్చిన భారీ చేప, చూసేందుకు ఎగబడ్డ జనం" అని హెడ్డింగు. ఆ ఫోటోలో కుడి చివర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషిని నేనే. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. అది చేప కాదండీ, డాల్ఫిన్. ఈ ఒక్క మాట చెప్పి ఊరుకుందామనే కాగితం తీశాను, కానీ ఆ ఉదయం చూసినవన్నీ గుర్తొస్తుంటే ఒక్క మాటతో ఆగేలా లేదు. కొంచెం ఓపిక పట్టి చదవండి, వీలుంటే మొత్తం వేయండి.

చిన్న తప్పుకి ఇంత పెద్ద ఉత్తరమా అనుకోకండి. చేప అని వేస్తే చదివినవాళ్ళు దాన్ని చేపలాగే చూస్తారు. ఎంత బరువుందో, కిలో ఎంతకి పోతుందో అనుకుని పేజీ తిప్పేస్తారు. అదే ఆ మధ్య మీ పత్రికలోనే లోపలి పేజీలో, ఏఐ సాయంతో డాల్ఫిన్ల భాష కనిపెట్టబోతున్నారని అర పేజీ వేశారు. ఆ వార్త మా స్కూల్లో నోటీసు బోర్డుకి అంటించాను కూడా. ఎక్కడో విదేశాల్లో ఈదే డాల్ఫిన్ భాష ఉన్న తెలివైన ప్రాణి, మన ఒడ్డున చచ్చిపడ్డది మాత్రం భారీ చేపా? రెండూ ఒకే పత్రికలో రావడం నాకు చాలా బాధనిపించింది.

ఆ రోజు ఆదివారం. పొద్దున్నే మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఫోన్ చేస్తే బండేసుకుని వెళ్ళాను. ఏడడుగులు ఉంటుంది. వీపు ముదురు బూడిద రంగు, పొట్ట లేత రంగు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. తోక మొదట్లో చుట్టూ గాట్లు, సన్నటి దారం బిగుసుకుని కోసుకుపోయినట్టు. ఇద్దరు కుర్రాళ్ళు దాని మీద కూర్చుని సెల్ఫీలు తీసుకుంటుంటే కిందికి దిగమన్నాను, దిగారు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల మీద చెయ్యి పెట్టాను. తడిసిన రబ్బరు షీటులా నున్నగా ఉంది, పొలుసన్నది లేదు. నడినెత్తిన నెలవంక ఆకారంలో ఒక రంధ్రం ఉంది, అదే దాని ముక్కు. దాన్నిండా ఇసుక పూడుకుపోయి ఉంటే వేలితో తీశాను. చచ్చిపోయినదానికి ముక్కు శుభ్రం చేస్తే ఏం లాభం అని ఎవరో అన్నారు. లాభం ఏమీ లేదు, కానీ ఆ ఇసుక అలా వదిలేసి రాలేకపోయాను.

చేప తోక నిలువుగా ఉంటుంది, అటూ ఇటూ ఊపుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉంటుంది, పైకీ కిందకీ కొడుతుంది. అక్కడున్న పిల్లలకి ఇది చూపిస్తే చాలు, ఇక జన్మలో పొరపాటు పడరు. చేప మొప్పలతో బతుకుతుంది, ఇది మనలాగే ఊపిరితిత్తులతో బతుకుతుంది, పిల్లల్ని కని పాలు ఇస్తుంది. మనం నిద్రలో ఉన్నా ఊపిరి దానంతటదే ఆడుతుంది. డాల్ఫిన్‌కి ఆ సౌకర్యం లేదు, ప్రతి ఊపిరీ తెలిసి తీసుకోవాల్సిందే. అందుకని అది మెదడులో ఒక సగాన్ని పడుకోబెట్టి రెండో సగాన్ని మేలుకోనిస్తుంది, ఆ సగం దాన్ని పైకి తీసుకెళ్ళి ఊపిరి పీల్పిస్తుంది. అలాంటిది వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే కొన్ని నిమిషాలకే ఊపిరాడక చచ్చిపోతుంది. ఆ తోక గాట్లు చూశాక నాకు అర్థమైంది అదే.

అక్కడే నిలబడ్డ ఒక మత్స్యకారుణ్ణి పక్కకి పిలిచి అడిగాను. ముందు తెలీదన్నాడు. కాసేపటికి తనే వచ్చి, "ఏటి సేత్తాం మాస్టారూ, రాత్రి ఏసిన వల పొద్దున్న లాగితే ఇది ఉంది. అప్పటికే పేనం నేదు. ఇడిపించనేక వల కోసేశాం, సగం పోనాది. ఎవలికైనా సెప్తే కేసంటారు" అన్నాడు. ఆ వల అప్పు చేసి కొన్నది. ఈ ఉత్తరం చదివి ఎవరూ ఆయన మీద కోపం పెట్టుకోకండి, చంపాలని వేసిన వల కాదది. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు తెలివి సంగతి. నీళ్ళలో చూపు కొద్ది దూరమే ఆనుతుంది, కానీ శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో పోయే దానికంటే నాలుగు రెట్లకు పైగా వేగం. అందుకే డాల్ఫిన్ బతుకంతా శబ్దం మీదే. నెత్తి మీది ముక్కు రంధ్రం కింద, లోపల ఉన్న పెదవుల్లాంటి మెత్తటి మడతలతో టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంది. నుదుట్లో ఉన్న కొవ్వు ముద్ద ఆ చప్పుడుని టార్చిలైటు వెలుగులా ఒక వైపుకి పంపిస్తుంది. ఎదురుగా ఉన్న వస్తువుకి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని కింది దవడలో ఉన్న కొవ్వు గుండా చెవికి చేరుతుంది. మన చెవికి సెకనుకి 20 వేల కంపనాల దాకా వినిపిస్తే దానికి లక్షా 50 వేల దాకా వినిపిస్తుంది. హవాయిలో పరీక్ష చేస్తే రెండున్నర సెంటీమీటర్ల ఇనుప గుండుని, అంటే ఒక ఉసిరికాయంత వస్తువుని, 70 మీటర్ల దూరం నుంచి పసిగట్టింది. మరి అంత కనిపెట్టగలిగేది వలలో ఎలా పడిందని మా పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. సన్నటి నైలాన్ దారం నుంచి ప్రతిధ్వని చాలా తక్కువ వస్తుంది, పైగా అది ఎప్పుడూ టిక్ టిక్ చేస్తూనే ఉండదు, చేపల వెంట పడి పోతున్నప్పుడు దాని ధ్యాస చేపల మీదే ఉంటుంది. వల దానికి కనపడేసరికి చాలా దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

ఇక పేర్ల సంగతి. నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించేది ఇదే, క్లాసులో ఇది చెప్పే రోజు బెల్లు కొట్టినా పిల్లలు లేవరు. సీసా మెడలాంటి మూతి ఉండే బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ఒక్కోదానికి ఒక్కో సొంత ఈల ఉంటుంది. 1965లోనే కాల్డ్‌వెల్ దంపతులు ఈ సంగతి రాశారు. మన దగ్గర బారసాల నాడు పెద్దవాళ్ళు పిల్లకి పేరు పెడతారు కదా, డాల్ఫిన్ పిల్ల మాత్రం చుట్టూ వినిపించే ఈలలన్నీ వింటూ వింటూ మొదటి ఏడాదిలోనే తన పేరు తనే కట్టుకుంటుంది. ఇక ఎక్కడికెళ్ళినా ఆ ఈలతోనే తానెవరో చెప్పుకుంటుంది. మరి ఇంకెవరైనా దాన్ని ఆ పేరు పెట్టి పిలుస్తారా? స్కాట్లాండ్ తీరంలో స్టెఫనీ కింగ్, విన్సెంట్ జానిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్లకి ఈలలు వినిపించి చూశారు. వేరేదాని ఈల వేస్తే అంతగా పట్టించుకోలేదు, తన ఈల వినిపించిన డాల్ఫిన్ మాత్రం అదే ఈలతో జవాబిచ్చింది. 2013లో ఇది అచ్చయింది. అదే ఏడాది జేసన్ బ్రక్ అనే ఆయన ఇంకో సంగతి బయటపెట్టాడు. ఎప్పుడో చిన్నప్పుడు ఒకే కొలనులో కలిసి ఉండి, తర్వాత వేర్వేరు ఊళ్ళకి పంపించేసిన డాల్ఫిన్లు, 20 ఏళ్ళు దాటాక కూడా పాత స్నేహితురాలి ఈల స్పీకర్లో వినిపిస్తే గుర్తుపట్టాయి.

ఫ్లోరిడాలో సరసోటా అనే చోట 1970 నుంచీ ఒకే డాల్ఫిన్ల గుంపుని తరాల తరబడి గమనిస్తున్నారు, తల్లులూ అమ్మమ్మలూ మనవలూ అన్నీ వాళ్ళకి తెలుసు. అక్కడ 19 తల్లి డాల్ఫిన్ల ఈలలు రికార్డు చేసి చూస్తే, పక్కన పిల్ల ఉన్నప్పుడు తల్లి తన ఈలని ఇంకా సన్నగా, పై స్థాయిలో వేస్తోందని 2023లో తేలింది. మనం చంటిపిల్లతో మాట్లాడేటప్పుడు గొంతు మార్చేస్తాం చూడండి, అచ్చం అలాగే. తల్లీపిల్లలు కాసేపు విడిపోతే ఇద్దరూ ఆగకుండా ఈలలు వేస్తారు. ఇదంతా చెప్పిన మర్నాడు, మొన్న ఫోన్ చేసిన ఆ కుర్రాడే లేచి, "మాస్టారూ, ఒడ్డుకొచ్చిన దానికీ పేరుంటాది కదా, మరి మిగతావి దాన్ని ఇంకా పిలుస్తుంటాయా?" అన్నాడు. పిలుస్తూ ఉండొచ్చురా అన్నాను. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

భాష అర్థం చేసుకోవడం గురించి ఇంకో సంగతి, మన తెలుగువాళ్ళకి మరీ బాగా అర్థమయ్యేది. హవాయిలో హోనోలులు దగ్గర లూయిస్ హెర్మన్ అనే ప్రొఫెసర్ అకెయకామయ్ అనే డాల్ఫిన్‌కి చేతి సైగలతో ఒక చిన్న భాష నేర్పారు. తెలుగులో "పాము కప్పని మింగింది" అన్నా "కప్పని పాము మింగింది" అన్నా అర్థం మారదు, ఎవరు ఎవర్ని మింగారో విభక్తి చెప్పేస్తుంది. ఆ సైగల భాషలో విభక్తుల్లేవు, మాటల వరసే ప్రాణం. "మనిషి, పలక, తీసుకురా" అని సైగ చేస్తే నీళ్ళలో తేలే పలకని మనిషి దగ్గరికి తెస్తుంది. "పలక, మనిషి, తీసుకురా" అంటే మనిషినే పలక దగ్గరికి నెట్టుకెళ్తుంది. మాటలు అవే, వరస మారితే పని మారిందని దానికి తెలుసు. 1984లో ఈ పరిశోధన వచ్చింది. 2001లో న్యూయార్క్ అక్వేరియంలో రెండు డాల్ఫిన్ల ఒంటి మీద గుర్తు పెట్టి అద్దం పెడితే, అవి అద్దం దగ్గరికెళ్ళి ఆ గుర్తు ఉన్న చోటునే తిప్పి తిప్పి చూసుకున్నాయి. అద్దంలో ఉన్నది తానేనని తెలిసిన జంతువులు చాలా కొద్ది.

అయితే వీటికి మనలాంటి భాష ఉందని ఎవరూ రుజువు చేయలేదు. మీ ఏఐ వార్తలో నాకు నచ్చనిది అదే. 2025 ఏప్రిల్‌లో గూగుల్ వాళ్ళు అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంతోనూ, 1985 నుంచి బహామాస్ దీవుల దగ్గర చుక్కల డాల్ఫిన్ల మధ్యే పనిచేస్తున్న డెనిస్ హెర్జింగ్ బృందంతోనూ కలిసి ఒక ప్రోగ్రాం తయారుచేశారు. మన ఫోన్లో ఒక మాట కొడితే తర్వాత వచ్చే మాట అదే చూపిస్తుంది కదా, అలా ఒక శబ్దం తర్వాత ఏ శబ్దం వచ్చే వీలుందో అది అంచనా వేస్తుంది. అంతేగానీ డాల్ఫిన్ ఏమంటోందో తర్జుమా చేసి చెప్పదు. సరసోటాలోనే లేలా సాయిగ్ బృందం పేర్లు కాని ఈలల మీద పనిచేస్తోంది, కొన్ని ఈలలు చాలా డాల్ఫిన్లకి ఉమ్మడిగా ఉన్నాయనీ, వాటిలో ఒకటి అపాయం కనిపించినప్పుడు వేసేది కావచ్చనీ వాళ్ళు అనుకుంటున్నారు. వాళ్ళు ఏళ్ళ తరబడి పడుతున్న శ్రమని "ఇక డాల్ఫిన్లతో కబుర్లు" అని ఒక్క హెడ్డింగులో తేల్చేయడం న్యాయం కాదు. 1960ల్లో జాన్ లిల్లీ అనే ఆయన డాల్ఫిన్లకి ఇంగ్లీషు నేర్పాలని చాలా కష్టపడ్డాడు, అది కుదరలేదు. వాటి ఈలలు మనం నేర్చుకోవాలి గానీ మన మాటలు వాటికి నేర్పడమేమిటి?

మనిషీ డాల్ఫిన్ మాటలు లేకుండానే కలిసి పనిచేసే చోట్లు ఉన్నాయి. బ్రెజిల్‌లో లగూనా అనే ఊళ్ళో నూరేళ్ళకు పైగా జాలర్లు నడుంలోతు నీళ్ళలో విసురు వలలు పట్టుకుని వరసగా నిలబడతారు. డాల్ఫిన్లు చేపల గుంపుని వాళ్ళ వైపు తోలుకొస్తాయి. డాల్ఫిన్ ఒక రకంగా వీపు వంచి మునగడమో, తలతో నీళ్ళని కొట్టడమో చేస్తుంది, వల విసరడానికి అదే గుర్తు. వల పడగానే చెదిరిన చేపల్ని డాల్ఫిన్ పట్టుకుంటుంది, వలలో పడినవి జాలరివి. తండ్రి దగ్గర కొడుకు, తల్లి దగ్గర పిల్ల ఈ పని నేర్చుకుంటారు. మయన్మార్‌లో ఐరావతి నదిలోనూ ఇలాగే, జాలర్లు పడవ అంచుని కర్రతో తట్టి డాల్ఫిన్లని పిలుస్తారు.

ఆ ఐరావతి డాల్ఫిన్ మనకేం దూరం కాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, ఇంకాస్త పోతే చిలికా సరస్సు. అక్కడ ఉన్నవి ఆ జాతివే, సుమారు 150 ఉంటాయి. మూతి పొడుచుకురాదు, గుండ్రటి తల. కిందటేడు డిసెంబర్‌లో పిల్లలతో చిలికా ఒడ్డునున్న సాతపడా వెళ్ళాను. ఎక్కడ వీపు తేలితే అక్కడికి పది మోటారు బోట్లు దూసుకెళ్తున్నాయి. శబ్దమే కళ్ళూ చెవులూ అయిన ప్రాణి నెత్తిన పది ఇంజన్లు! మా పడవాయనకి ఇంకో రెండొందలిస్తాను, దూరంగా ఇంజను ఆపి కూర్చుందాం అన్నాను. వింతగా చూశాడు గానీ ఆపాడు. పావుగంట ఏమీ లేదు. తర్వాత మా ఎడం పక్క, పడవకి పది గజాల్లో, ప్రెషర్ కుక్కర్ మూత కొంచెం లేచినట్టు ఫుస్సుమని ఒక ఊపిరి. ఆ వెంటనే పక్కనే ఇంకోటి, చిన్నది. మా అమ్మాయి ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయింది.

గంగలో ఉండే డాల్ఫిన్‌ది ఇంకో కథ. దాని కంట్లో కటకమే లేదు, వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు, ఆ బురద నీళ్ళలో చప్పుడుతోనే తిరుగుతుంది. ఇరవై రెండు శతాబ్దాల కిందట అశోకుడు చంపకూడదని ఐదో స్తంభ శాసనంలో రాయించిన ప్రాణుల్లో గంగాపుపుటక అని ఉంది, అది ఇదేనంటారు. 2009లో దీన్ని మన జాతీయ జలచరంగా ప్రకటించారు. 8 రాష్ట్రాల్లో 28 నదులు గాలిస్తే గంగా డాల్ఫిన్లు 6,324, పంజాబ్‌లో బియాస్ నదిలో సింధు డాల్ఫిన్లు మూడంటే మూడు ఉన్నాయని 2025 మార్చిలో లెక్క వచ్చింది. మన దేశం 2013లో డాల్ఫిన్ షోలకి అనుమతి లేదని చెప్పేసింది. ఇంత తెలివి ఉన్న ప్రాణిని తొట్టిలో పెట్టి బంతులు ఆడించడం తప్పని ఒప్పుకున్న దేశం మనది, అందుకు నేను నిజంగా గర్వపడతాను.

కానీ నదుల్లో లెక్క ఉంది, చిలికాలో లెక్క ఉంది, మన ఒడ్డున పడి ఉన్నవాటికి లెక్క ఏది? పెద్దపులికి ఉన్న రక్షణే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో డాల్ఫిన్‌కీ ఉంది, రెండూ మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. అది మంచిదే. అయితే మా ఊరి జాలరికి ఆ చట్టం గురించి తెలిసింది "కేసంటారు" అన్న భయం ఒక్కటే. అందుకే వలలో పడ్డ సంగతి ఎవరికీ చెప్పడు, నోరు మూసుకుని సముద్రంలో వదిలేస్తాడు, అది రెండ్రోజులకి ఇంకో ఊరి ఒడ్డుకి చేరుతుంది, మీ పేపర్లో భారీ చేప అవుతుంది. గుజరాత్‌లో తిమింగల సొరచేపలు (అవి నిజంగానే భారీ చేపలు) వలలో పడితే వల కోసి వదిలేసిన మత్స్యకారులకి వల నష్టం ప్రభుత్వం ఇచ్చే పద్ధతి పెట్టారు. ఒకప్పుడు వాటిని వేటాడిన ఊళ్ళే ఇప్పుడు వందల కొద్దీ వాటిని వదిలేశాయి. మహారాష్ట్రలోనూ రక్షణ ఉన్న ప్రాణుల కోసం వల కోస్తే పరిహారం ఇస్తున్నారు. మన తీరంలో కూడా, బతికున్న డాల్ఫిన్‌ని వల కోసి వదిలితే వల డబ్బులిస్తాం, చచ్చిపోయినది దొరికిందని చెప్తే కేసు పెట్టం అని అధికారులు గట్టిగా, తెలుగులో, ప్రతి జెట్టీ దగ్గరా బోర్డు పెట్టి చెప్పాలి. నేను ఈ ఉత్తరంలో అడిగేదల్లా ఇదే, మీరు ఈ మాటని ఒక వార్తగా రాస్తే నాలాంటి మాస్టారు రాసిన పది అర్జీల కంటే ఎక్కువ పని జరుగుతుంది.

మీ విలేకరికి కూడా ఒక మనవి. ఇలాంటిది ఒడ్డుకి వచ్చినప్పుడు జనం ఎగబడ్డ ఫోటోతో పాటు తోక దగ్గరా మూతి దగ్గరా దగ్గరగా ఒక ఫోటో తీయండి, గాట్లు ఉన్నాయో లేదో తెలుస్తుంది. తేదీ, ఊరు, ఎన్నడుగులు అన్నది రాయండి. ఆ నాలుగు ముక్కలు పదేళ్ళ పాటు రాస్తే మన తీరంలో ఏం జరుగుతోందో మీ పాత పేపర్లు తిరగేసి చెప్పొచ్చు. నేను తీసిన ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి, కావాలంటే పంపిస్తాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మా వాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. అప్పుడు మీ విలేకరిని ఒక పూట మా ఊరికి పంపించండి, నేను వెంటబెట్టుకుని తీసుకెళ్తాను. పేర్లు రాయనని ముందే మాటిస్తే చాలు, వలలో ఏమేం పడ్డాయో, ఏవి బతికుండగా వదిలారో అన్నీ వాళ్ళే చెప్తారు.

ఇట్లు,
జీవశాస్త్రం ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా